అడవిలో ఒక్క రాత్రి: అనుమతి ఎవరిది?

ఒక చలికాలం మా బడి పిల్లలను దగ్గరలోని జలపాతం చూపించడానికి తీసుకెళ్లాం. ఇద్దరం టీచర్లం, ముప్పై మంది దాకా పిల్లలు. అందరూ ఆ చుట్టుపక్కల గూడేల వాళ్లే. కొత్తగా పెట్టిన గేటు దగ్గర ఒకతను ఆపి, తలకింత అని టికెట్టు అడిగాడు. గేటు అవతల చదును చేసిన చోట రంగురంగుల గుడారాలు వరసగా ఉన్నాయి. పట్నం నుంచి వచ్చినవాళ్లు రాత్రిళ్లు అందులో నిద్ర చేస్తున్నారు. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి మమ్మల్ని అడిగింది: “సార్, మా తాత ఇప్పపువ్వు ఏరడానికి వచ్చినప్పుడు ఈ చెట్ల కిందే పడుకునేవాడంట. అప్పుడు ఆయనకు టికెట్టు ఎవరిచ్చారు?”

బతిమాలుకుని టికెట్టు లేకుండానే లోపలికి వెళ్లాం. జలపాతం చూశాం. కానీ ఆ పిల్ల అడిగినదానికి జవాబు మాత్రం చెప్పలేకపోయాం. చరిత్ర పాఠం చెప్పేవాళ్లమై ఉండి చెప్పలేకపోయామన్న బాధ చాలా రోజులు ఉంది.

ఆ ప్రశ్న పట్టుకునే చదవడం మొదలుపెట్టాం. మన అటవీ చట్టాలు చదివాం, పెద్దలను అడిగాం. అలా చదువుతూ పోతుంటే ఆస్ట్రేలియా ఖండంలో ఒక వర్షారణ్యం చరిత్ర కంటపడింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, కెయిన్స్ పట్టణానికి ఉత్తరంగా సముద్రం ఒడ్డునే పెరిగిన ఆ వానడవి పేరు డెయిన్‌ట్రీ. ప్రపంచంలో ఇంకా మిగిలి ఉన్న అతి పురాతన వానడవుల్లో అది ఒకటి. దాని సొంతదారులు కుకు యలంజి అనే ఆదివాసులు. అక్కడ ఇవాళ ఎవరైనా గుడారం వేసుకుని రాత్రి ఉండాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి మారిందో తెలుసుకుంటే, మన అడవుల కథ కూడా మనకు ఇంకాస్త బాగా అర్థమవుతుంది. అందుకే దూరదేశం సంగతి అయినా మన యువకుల కోసం, తోటి టీచర్ల కోసం ఇక్కడ రాస్తున్నాం.

అడగకుండా వేసిన గుడారాలు

1770 జూన్ 11 రాత్రి. ఇంగ్లండు నుంచి వచ్చిన కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ ‘ఎండీవర్’ డెయిన్‌ట్రీ తీరానికి ఎదురుగా సముద్రంలో పగడపు దిబ్బకు కొట్టుకుంది. ఓడకు చిల్లు పడింది. తన కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయని ఆయన ఆ తీరంలోని ఒక కొమ్ముకు ‘కేప్ ట్రిబ్యులేషన్’ అని పేరు పెట్టాడు. ట్రిబ్యులేషన్ అంటే కష్టం. అంతకు ముందు ఆ చోటుకు పేరే లేనట్టు! ఆ నేలకు వేల ఏళ్ల నుంచీ పేరు పెట్టి పిలిచేవాళ్లు అక్కడే ఉన్నారు.

ఓడను బాగు చేసుకోవడానికి కుక్ ఇంకా ఉత్తరానికి వెళ్లి ఒక నది ఒడ్డుకు చేర్చాడు. అది గుగు యిమిదిర్ ప్రజల నేల. ఒడ్డున గుడారాలు వేసుకుని ఓడవాళ్లు ఏడు వారాల పాటు ఉన్నారు. ఎవరినీ అడగలేదు. అయినా ఆ ప్రజలు వాళ్లను తరమలేదు. ఆ నది ఒడ్డు నెత్తురు చిందించకూడని చోటు అని వారి కట్టుబాటు. అక్కడ ఎవరితోనూ పోట్లాడకూడదు.

తగువు వచ్చింది తాబేళ్ల దగ్గర. ఓడవాళ్లు సముద్రంలో పెద్ద పెద్ద తాబేళ్లను పట్టి ఓడ మీద పెట్టుకున్నారు. జూలైలో ఒకరోజు గుగు యిమిదిర్ మగవాళ్లు ఓడ ఎక్కి చూసి, అందులో ఒకటి తమకివ్వమని అడిగారు. వేటలో వాటా అడగడం వారి న్యాయం. మన వేటలో కూడా వాటాలుంటాయి కదా. ఓడవాళ్లు ఇవ్వమన్నారు. అప్పుడు వచ్చినవాళ్లు కోపంతో ఒడ్డుకు వెళ్లి గుడారాల చుట్టూ ఎండు గడ్డికి నిప్పు పెట్టారు. కుక్ తుపాకీ పేల్చాడు, ఒకతనికి గాయమైంది. తరువాత ఏం జరిగిందో చూడండి. ఒక ముసలాయన మొన లేని ఈటె పట్టుకుని ముందుకు వచ్చాడు. అంటే పోట్లాట వద్దు, మాట్లాడుకుందాం అని. ఇరువైపుల వాళ్లూ కూర్చున్నారు. తగువు తీరింది.

మాకు తెలిసినంతలో ఆ తీరంలో తెల్లవాళ్లు వేసుకున్న మొదటి విడిది కథ ఇది. ఇందులో నియమం లేనిది ఎవరికి? నేలకు సొంతదారులకు నియమాలు ఉన్నాయి: ఎక్కడ పోట్లాడకూడదు, వేటలో వాటా ఎంత, తగువు ఎలా తీర్చుకోవాలి. వాటిని అడిగి తెలుసుకోనిది వచ్చినవాళ్లు. ఆ తరువాత నెల దాటకుండానే, 1770 ఆగస్టు 22న, కుక్ ఒక దీవి మీద జెండా ఎగరేసి ఆ తూర్పు తీరమంతా ఇంగ్లండు రాజుదని ప్రకటించాడు. పుట్టినవాళ్లను అడిగింది లేదు, చెప్పింది లేదు.

సొంత నేల మీద చీటీ

వందేళ్ల దాకా ఆ వానడవి జోలికి పెద్దగా ఎవరూ రాలేదు. 1873లో పామర్ నది దగ్గర బంగారం దొరికిందన్న వార్త పొక్కింది. వేల మంది వచ్చి పడ్డారు. కుక్ ఓడ ఆగిన చోటే కుక్‌టౌన్ అనే రేవు పట్నం లేచింది. అదే ఏడాది అడవి మధ్య పారే నదికి ఒక తెల్ల భూగర్భ శాస్త్రజ్ఞుడి పేరు మీద ‘డెయిన్‌ట్రీ’ అని పెట్టారు. కలప వ్యాపారులు రెడ్ సీడర్ మానుల కోసం నది వెంట గుడారాలు వేసుకుంటూ లోపలికి పోయారు. అడ్డుపడ్డ ఆదివాసుల మీదికి తెల్ల అధికారుల కింద పనిచేసే ‘నేటివ్ పోలీసు’ దళాలు వెళ్లాయి. చాలామంది చనిపోయారు.

1897లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. పేరులో ‘ఆదివాసుల రక్షణ’ అని ఉంది. ప్రాంతానికో ‘ప్రొటెక్టర్’ను పెట్టారు. చాలా చోట్ల ఆ ప్రొటెక్టర్ అంటే పోలీసు అధికారే. ఆదివాసి ఎక్కడ ఉండాలో, ఎవరి దగ్గర పని చేయాలో, తన కూలి డబ్బులో ఎంత తీసుకోవచ్చో ఆయనే నిర్ణయిస్తాడు. అక్కర్లేదనుకుంటే కుటుంబాన్ని ఎత్తుకెళ్లి దూరంగా ఉన్న రిజర్వులోనో, దీవిలోనో పడేయవచ్చు. అక్కడి నుంచి బయటికి రావాలంటే చీటీ కావాలి. చట్టాల పేర్లు మారుతూ వచ్చినా ఈ పద్ధతి 1970ల దాకా ఏదో ఒక రూపంలో నడిచింది.

ఇది చదువుతుంటే మాకు మన స్టూవర్టుపురం గుర్తుకొచ్చింది. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అలాంటి సెటిల్‌మెంట్లలో ఉంచి, హాజరు వేసి, ఊరు దాటాలంటే పాసు కావాలన్నారు. దేశాలు వేరైనా దొరతనం ఒకటే. చీటీ కూడా ఒకటే.

ఇక్కడ ఒక మాట గమనించాలి. కుకు యలంజి వారు అడవిలో ఇష్టమొచ్చిన చోటల్లా పడుకునేవారు కాదు. ఏడాదిని ఐదు కాలాలుగా లెక్కపెట్టుకుని, ఏ కాలంలో ఎక్కడ ఏది దొరుకుతుందో చూసుకుని విడిదులు మార్చేవారు. విషం ఉన్న గింజలను కూడా తురిమి, పారే నీళ్లలో నానబెట్టి, విషం పోయాక తినడం వాళ్లకు తెలుసు. ఆ పనికి రోజులు పడుతుంది కాబట్టి విడిది నీటి దగ్గర ఉండాలి. కొన్ని చోట్లకు అందరూ వెళ్లకూడదు. ఇవన్నీ నియమాలే. రాసిపెట్టిన చీటీ లేదని నియమం లేదనుకున్నారు పైవాళ్లు.

బుల్డోజర్లు వచ్చిన రోజు

1981లో కేప్ ట్రిబ్యులేషన్ అడవిని జాతీయ వనంగా ప్రకటించారు. రెండేళ్లకే, 1983 డిసెంబరులో, ఆ అడవి గుండా ఉత్తరాన బ్లూమ్‌ఫీల్డ్ దాకా రోడ్డు వేయడానికి అక్కడి స్థానిక పాలక మండలి బుల్డోజర్లు తెచ్చింది. పర్యావరణవాదులు అడవిలోనే గుడారాలు వేసుకుని అడ్డుపడ్డారు. కొందరు చెట్లకు గొలుసులతో కట్టేసుకున్నారు. కొందరు మెడ దాకా మట్టిలో పాతిపెట్టుకున్నారు. పోలీసులు అరెస్టులు చేశారు. 1984లో రోడ్డు పడనే పడింది. కానీ ఆ పోరాటం దేశమంతా తెలిసింది. 1988లో దాదాపు తొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల ‘వెట్ ట్రాపిక్స్’ వానడవులు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వద్దన్నా కేంద్రం పట్టుపట్టి చేయించింది.

అడవి మిగిలింది, మంచిదే. కానీ అప్పటికి ఆస్ట్రేలియా చట్టం ప్రకారం కుకు యలంజి వారికి ఆ నేల మీద పాత హక్కు అంటూ ఏదీ లేదు. తెల్లవాళ్లు రాక ముందు ఆ ఖండం ఎవరిదీ కాదన్నదే కోర్టుల నమ్మకం. కాబట్టి వనం ప్రకటించినప్పుడైనా, రోడ్డు వేసినప్పుడైనా, జాబితాలో చేర్చినప్పుడైనా సొంతదారు సంతకం అవసరమని చట్టం అనలేదు. అడవిని నరికేవాడు మనల్ని అడగకపోవడం మనకు తెలిసిన సంగతే. అడవిని కాపాడతానన్నవాడు కూడా అడగకపోవచ్చు. ఈ రెండో సంగతి మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి.

భూమి తిరిగి వచ్చిన రోజు

మార్పు ఒక దీవి మనిషి వల్ల వచ్చింది. టోరెస్ జలసంధిలోని మెర్ దీవికి చెందిన ఎడ్డీ మాబో, తన తాతల భూమి తమదేనని కోర్టుకెక్కాడు. తీర్పు రాకముందే ఆయన చనిపోయాడు. 1992 జూన్ 3న ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, ఆయన వైపు తీర్పు చెప్పింది. ‘ఎవరిదీ కాని నేల’ అన్న మాట చెల్లదని తేల్చింది. మరుసటి ఏడాది దానికి తగ్గ చట్టం వచ్చింది.

తూర్పు కుకు యలంజి వారు ఆ చట్టం కింద అడిగారు. ఏళ్ల తరబడి పెద్దలు సాక్ష్యాలు చెప్పారు. 2007లో వారి హక్కును కోర్టు గుర్తించింది. ఆ తరువాత 2021 సెప్టెంబరు 29న, బ్లూమ్‌ఫీల్డ్‌లో జరిగిన సభలో, క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం డెయిన్‌ట్రీతో సహా నాలుగు జాతీయ వనాలను వారికి తిరిగి అప్పజెప్పింది. మొత్తం లక్షా అరవై వేల హెక్టార్లకు పైగా నేల. నల్ల బండరాళ్ల కొండ ఒకటి ఉంది, దానికి తెల్లవాళ్లు పెట్టిన ‘బ్లాక్ మౌంటెన్’ పేరుకు బదులు వారి మాట ‘కల్కజక’ మళ్లీ వచ్చింది. ఈటె చోటు అని దాని అర్థం.

అయితే అంతా చేతికి వచ్చిందని అనుకోకూడదు. ఆ నేల జాతీయ వనంగానే ఉండాలి, ప్రభుత్వంతో కలిసి చూసుకోవాలి అన్న షరతు మీదే అప్పజెప్పారు. తమ పిల్లలే రేంజర్లుగా, దారి చూపేవాళ్లుగా, చివరికి వనం మొత్తాన్ని తామే నడిపేవాళ్లుగా ఎదగాలన్నది కుకు యలంజి వారి ఆశ. సగం దారి నడిచారు, సగం మిగిలి ఉంది.

ఇవాళ అక్కడ రాత్రి ఉండాలంటే

డెయిన్‌ట్రీ వనంలో మనకు నచ్చిన చోట గుడారం వేయడం కుదరదు. గుర్తించిన విడిది స్థలంలోనే వేయాలి. రాకముందే మనిషికింత అని రుసుము కట్టి అనుమతి తీసుకోవాలి. ఆ నంబరున్న చీటీ గుడారానికి కనిపించేలా తగిలించాలి. కుక్కలను తేకూడదు. నిప్పు వద్దన్న చోట పొయ్యి రాజేయకూడదు. చెత్త తిరిగి మోసుకుపోవాలి. వానాకాలంలో తుపానులు, వరదలు వస్తే స్థలాలు మూసేస్తారు. మొసళ్లున్న నీటికి కనీసం యాభై మీటర్ల ఎడంగా పడుకోమంటారు. కాసోవరీ అనే పెద్ద పక్షికి తిండి పెట్టడం నేరం. మనిషంత ఎత్తు ఎదిగే ఆ పక్షి అడవి పండ్లు తిని గింజలను దూరదూరాల్లో వేస్తుంది. మనుషుల తిండికి అలవాటు పడి రోడ్ల మీదికి వస్తే వాహనాల కింద పడుతుంది. అది పోతే అడవి నాటేవాడు పోయినట్టే.

ఈ నియమాల్లో మనకు కొత్తవి ఎన్ని? నీటికి మరీ దగ్గరగా పడుకోవద్దని మన ముసలివాళ్లు చెప్పరా? ఎండాకాలంలో నిప్పు జాగ్రత్త అని చెప్పరా? మామిడి పండుగ చేయనిదే కొత్త కాయ నోట పెట్టం కదా? అది కూడా కాయ ముదిరేదాకా చెట్టు జోలికి పోవద్దన్న నియమమే.

మాస్‌మన్ లోయ దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. వచ్చినవాళ్లు బండ్లు బయటే వదిలి, 2012లో కట్టిన కేంద్రం నుంచి బస్సులో లోపలికి పోవాలి. లోయలో రాత్రి విడిది లేదు. కావాలనుకున్నవారిని కుకు యలంజి మనిషి వెంట తీసుకెళ్తాడు. నడక మొదలవక ముందు ఆకుల పొగ వేసి, ఆ పొగలో నుంచి నడిపిస్తాడు. ఇదిగో కొత్తవాళ్లు వచ్చారు, చూసుకోండి అని తమ పెద్దల ఆత్మలకు చెప్పడం అది. మాకైతే కంప్యూటర్లో వచ్చే చీటీ కంటే ఆ పొగే అసలు అనుమతి అనిపించింది.

ఇప్పుడు మన వైపు

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. 1879లో రంప పితూరీ జరిగింది. మూడేళ్లకే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో అడుగు పెట్టడం, నిప్పు రాజేయడం, పశువులను మేపడం నేరాల జాబితాలో చేరాయి. అంటే సంతకు నడిచిపోతూ వాగు ఒడ్డున ఆగి, నాలుగు పుల్లలు అంటించి జావ కాచుకున్న మనిషి నేరస్థుడయ్యాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం ప్రజలు నడవడానికి పోడు మీద, అడవి మీద ఇలాంటి ఆంక్షలూ, రోడ్డు పనుల్లో వెట్టీ కారణాలు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అక్కడ నివాసం ఉండేవారు, అక్కడ భూమి హక్కున్నవారు, విధుల్లో ఉన్న ఉద్యోగులు వంటివారు తప్ప మిగిలినవారు అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. పరిశోధన, ఫొటోలు, పర్యాటకం వంటి పనులకు అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి ఇచ్చేది అటవీ శాఖ.

కానీ తరువాత వచ్చిన చట్టాలు మన చేతికి కొంత ఇచ్చాయి. 1996 పెసా చట్టం మన ఆచారాలనూ, ఉమ్మడి వనరులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని చెప్పింది. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకివ్వడమూ చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ఆ నిషేధం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లి, తరతరాలుగా కాపాడుకుంటున్న సామూహిక అడవిని రక్షించుకునే, నిర్వహించుకునే హక్కు ఊరికి ఇచ్చింది. అడవికీ, తమ సంస్కృతికీ హాని చేసే పనులను ఆపే అధికారం గ్రామసభకు ఉందని అయిదో సెక్షన్‌లో రాసి ఉంది.

ఇవాళ మంచు చూడటానికి లంబసింగి, వంజంగి కొండలకు, వాగుల కోసం మారేడుమిల్లి వైపుకు జనం బండ్లు కట్టుకుని వస్తున్నారు. వాళ్లను తప్పు పట్టడం లేదు. మన కుర్రాళ్లకు నాలుగు రోజుల పని దొరుకుతుంది, మన తేనె, మన చీపుర్లు అమ్ముడవుతాయి. కానీ తెల్లారాక కొండ మీద మిగిలే సీసాలు ఎవరు ఏరాలి? పూజ చేసే చోట బూట్లతో తిరగొద్దని ఎవరు చెప్పాలి? మనలో ఒకరు ఖర్చులకు డబ్బు తీసుకుని, బయటివాడికి గుడారాల కోసం కాగితం రాసిచ్చారనుకోండి. ఆ కాగితం చెల్లదు. అయినా చెల్లదని తెలియకపోతే అదే నడిచిపోతుంది. నడిచినన్నాళ్లు గేటు దగ్గర నిలబడి టికెట్టు కొనేది మన పిల్లలే.

మన పిల్లలతో చేయదగ్గ పని

ఇదంతా చదివాక మా తరగతిలో ఒక పని మొదలుపెట్టాం. ప్రతి పిల్లా ఇంట్లో ముసలివాళ్లను నాలుగు ప్రశ్నలు అడగాలి. అడవిలో రాత్రిళ్లు ఎక్కడెక్కడ ఉండేవారు? ఎందుకు ఉండేవారు? ఏ చోట పడుకోకూడదు? ఎవరికి చెప్పి వెళ్లేవారు? పిల్లలు తెచ్చిన జవాబులు చూసి మేమే ఆశ్చర్యపోయాం. పోడు కాపలా మంచెలు, ఇప్పచెట్ల తావులు, దుంపలు తవ్వే కొండ వాలు, పశువులు ఆగే చెలమ, రాత్రి నిప్పు వేయకూడని దేవుడి తోపు, అన్నీ వచ్చాయి. ఒక పెద్ద కాగితం మీద అన్నీ గీయించాం.

ఇది ఊరికే ఆట కాదు. సామూహిక అటవీ వనరుల హక్కు కోసం గ్రామసభ ఫారం ‘సి’ పెట్టేటప్పుడు దుంపలు, పండ్లు సేకరించే చోట్లు, నీటి తావులు, మేత బీళ్లు, పవిత్ర వృక్షాలు, తోపులు, సమాధులు సాక్ష్యాలుగా పనికొస్తాయి. పెద్దల వాంగ్మూలం రాసిపెడితే అదీ సాక్ష్యమే. కుకు యలంజి పెద్దలు కోర్టు ముందు చెప్పింది కూడా ఇలాంటి సంగతులే: మా తాతలు ఇక్కడ నడిచారు, ఇక్కడ ఆగారు, ఇక్కడ వండుకున్నారు అని. మన పెద్దలు ఉండగానే అడిగి రాసుకోవాలి. వాళ్లు పోతే సాక్ష్యం పోయినట్టే.

చదువుకున్న మన యువకులు రెండో పని చేయాలి. బయటివాళ్లు మన అడవిలో రాత్రి ఉండాలంటే ఏ చోట ఉండవచ్చు, ఎంతమంది, ఏ కాలంలో, నిప్పు ఎక్కడ, చెత్త ఎవరు మోయాలి, వెంట ఎవరు రావాలి, వచ్చిన డబ్బు ఎవరికి చేరాలి అని గ్రామసభలో మాట్లాడి తీర్మానం రాయించాలి. చట్టం కోరిన చోట అటవీ శాఖ అనుమతి ఎలాగూ తీసుకుంటారు. దానికి ముందు ఊరి మాట ఉండాలి.

ఆ అమ్మాయికి ఇప్పుడు జవాబు చెప్పగలం. అమ్మా, మీ తాతకు టికెట్టు ఎవరూ ఇవ్వలేదు. కానీ ఆయన అడగకుండా పడుకోలేదు. ఊరికి చెప్పాడు, చెట్టుకు దండం పెట్టాడు, నిప్పు ఆర్పి వచ్చాడు. అనుమతి అప్పుడూ ఉంది. దాన్ని ఇచ్చే చేయి మనది కాకుండా పోయింది. ఆ చేయి మళ్లీ మన ఊరిది కావాలంటే నువ్వు గీసిన ఆ పటం గ్రామసభ దాకా పోవాలి. ఈ ఏడాది పోతుంది. మేమూ వెంట వస్తాం.